అలిగొచ్చిన డైరెక్టరమ్మ

నాకు కోపం ఎక్కువ. నేనే ఒప్పుకుంటే సరిపోతుందనుకుంటానుగానీ మా ఆయన ఊరుకోరు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ చేతికి అందేలోపే, "మా ఆవిడకి కోపం ముక్కు మీద ఉండదండీ, ముక్కంతా కోపమే" అని పరిచయం చేస్తారు. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మాట పొదుపు. నేను నందిగామలో హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాను. నాకు ఆ పొదుపు చేతకాదు.

అలాంటి నన్ను తీసుకెళ్లి ఒక కంపెనీకి డైరెక్టర్ని చేశారు. ఆ కంపెనీ మీద కేసు పడితే నేను దాంట్లోంచి ఎలా బయటపడ్డానో చెప్పాలంటే, ముందు నన్ను అందులోకి తీసుకెళ్లిన మనిషి గురించి చెప్పాలి. ఆయన పేరు రాయను, రాస్తే ఆయనకి నచ్చదు. ఛైర్మన్ గారు అందాం. ఊరంతా అలాగే అంటుంది.

ఆయనది జగ్గయ్యపేటలో పాత వ్యాపార కుటుంబం. పప్పులు, మిర్చి హోల్‌సేల్. హైవే పక్కన మిర్చి కోసం కోల్డ్ స్టోరేజీ కట్టాలని ఇంకో ముగ్గురితో కలిసి కంపెనీ పెట్టారు. పెనుగంచిప్రోలులో మాకు కొద్దిగా పొలం ఉంది, మేమూ మిర్చే వేయిస్తాం. ఆ చుట్టుపక్కల రైతుల్లో చాలామంది పిల్లలు నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఆ సంగతి ఆయనకి ఎవరో చెప్పారట. ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చి చెప్పులన్నా విప్పకముందే మా గుమ్మంలో నిలబడ్డారు.

"మేమంతా వ్యాపారస్తులమమ్మా. రైతు మా చేతికి సంచులు అప్పజెప్పి ఇంటికెళ్లి హాయిగా పడుకోవాలంటే, వాళ్లకి గురి ఉన్న మనిషి ఒకరు బోర్డులో ఉండాలి. మీరు ఊరికే వచ్చి కూర్చుంటే చాలు" అన్నారు.

"ఊరికే కూర్చోవడం నాకు రాదండీ" అన్నాను.

"అయితే మరీ మంచిది."

నేనప్పటికే సగం ఒప్పుకున్నాను. డైరెక్టర్ అన్న మాట చెవికి ఇంపుగానే ఉంది, అబద్ధమెందుకు. అప్పటిదాకా పేపర్లోంచి తల ఎత్తని మా ఆయన అప్పుడు ఎత్తారు. "రేపు ఏదన్నా తేడా వస్తే మా ఆవిడ కోర్టు మెట్లెక్కాలా అండీ?" అని అడిగారు.

నాకు ఒళ్లు మండింది. మర్యాదగా ఇంటికొచ్చిన మనిషిని ఇదేం ప్రశ్న! ఛైర్మన్ గారు మాత్రం నొచ్చుకోలేదు. కాసేపు ఆలోచించి, "తెలుసుకుని చెప్తానండీ" అన్నారు. మాట వరసకు అన్నారనుకున్నాను.

నేను వెళ్లిన రెండో మీటింగులోనో మూడో మీటింగులోనో ఆయన ఒక పాలసీ సంగతి ఎత్తారు. కంపెనీ వ్యవహారంలో డైరెక్టర్ల మీద వ్యక్తిగతంగా కేసులు పడితే, లాయర్ల ఖర్చు భరించే ఇన్సూరెన్సు అది. మిగతావాళ్లు పెదవి విరిచారు. "సరుక్కి ఇన్సూరెన్సుంది, బిల్డింగుకుంది, హమాలీలకుంది. మనకేంటండీ, మనమేమన్నా కాలిపోతామా?" అన్నారొకరు.

"టీచర్ గారి భర్త నన్ను ఒకమాట అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇది ఆ జవాబు" అన్నారు ఛైర్మన్ గారు. పాలసీ తీసుకోవడానికి అందరూ ఒప్పుకున్నారు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే ఆయన తల ఊపి, "గట్టి మనిషే" అని మళ్లీ పేపర్లో దూరారు. మా ఆయన నోటి వెంట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

డైరెక్టరుగిరీ బాగానే సాగింది. రైతులొస్తే తూకం దగ్గర నిలబడేదాన్ని, రసీదులు సరిగ్గా రాస్తున్నారా లేదా చూసేదాన్ని, అవసరమున్నా లేకపోయినా గుమాస్తాల మీద కేకలేసేదాన్ని. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు నన్ను డైరెక్టర్ గారూ అని పిలిస్తే వద్దు వద్దంటూనే సంబరపడేదాన్ని.

కోల్డ్ స్టోరేజీ లోపలికి వెళ్లనివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. లోపల ఎంత చలో, బయట సంచులు దించేచోట అంత ఘాటు. మిర్చి కోతలయ్యాక ట్రాక్టర్లు హైవే దాకా బారులు తీరతాయి. తుమ్మని మనిషి ఉండడు, కళ్లు తుడుచుకోని మనిషి ఉండడు. హమాలీలు మూతికి తువ్వాళ్లు కట్టుకుని పనిచేస్తారు. అక్కడ ఎవరికి ముక్కు మండినా, కళ్లు మండినా, గొంతు పట్టేసినా అందరూ చెప్పేది ఒకటే కారణం.

అలాంటి ఒక సీజన్లో, గదుల్ని చల్లబరిచే మెషిన్ల వైపు వెళ్లినప్పుడు నాకు వేరే వాసన తగిలింది. బడిలో ల్యాబులో సీసా మూత తీస్తే వచ్చే వాసన. అమ్మోనియా. ఆ మెషిన్లలో తిరిగేది ఆ గ్యాసే. కళ్లని, ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. పిల్లలకి ఏళ్ల తరబడి పాఠం చెప్పినదాన్ని, నా ముక్కు పొరబడదు.

"గ్యాసు లీకవుతోంది" అన్నాను.

"మిర్చి ఘాటండీ" అన్నాడు మేనేజరు.

"మిర్చి ఘాటేంటయ్యా! నాకు తెలియదా?"

"ఇన్నాళ్ల నుంచి ఉంటున్నాం మేడం. సీజన్లో ఇంతే."

ఛైర్మన్ గారిని, బోర్డువాళ్లని పిలిపించాను. క్యాంటీన్లోంచి పసుపు తెప్పించి నీళ్లలో కలిపి, తెల్ల గుడ్డ ముంచి, మెషిన్లకి గ్యాసు వెళ్లే గొట్టం అతుకు దగ్గర పట్టుకున్నాను. అమ్మోనియా తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది. ఏడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. అందరూ చూస్తుండగానే గుడ్డ ఎర్రబడింది. చూశారా అన్నట్టు ఆ గుడ్డ ఎత్తి చూపించాను.

వాళ్లలో ఒకాయన దగ్గరికొచ్చి గుడ్డని పరీక్షగా చూసి, "కారం అంటుకుందేమోనమ్మా" అన్నారు.

ఇంక నా కోపం గురించి నేను చెప్పక్కర్లేదు. మెషిన్లు ఆపి, సరుకు వేరేచోటికి మార్చి, ఆ గొట్టాలు బాగుచేయించే దాకా ఒక్క సంచీ దించడానికి వీల్లేదన్నాను. ఛైర్మన్ గారు నుదురు రుద్దుకున్నారు. మెషిన్లు ఆపితే లోపలున్న రైతుల సరుకంతా పాడవుతుంది. బయట ట్రాక్టర్లు ఎదురుచూస్తున్నాయి. "ఈ సీజన్ ఒక్కటీ దాటనీయండమ్మా. అయిపోగానే మొత్తం ఆపి బాగుచేయిస్తా. మీ మాట తీసెయ్యను" అన్నారు.

"సీజన్ దాటేదాకా ఆ గొట్టం ఆగుతుందా అన్నయ్యగారూ? దానికి చెప్పారా? నా పేరు బోర్డులోంచి తీసెయ్యండి. ఇవాళ్టి నుంచి నాకూ మీ కంపెనీకీ సంబంధం లేదు!"

అంతమందిలో అలా అరిచి, గేటు దాటి, వచ్చిన ఆటో ఎక్కి నందిగామ వచ్చేశాను. దారిపొడుగునా ఆటో అబ్బాయి మీద కూడా అరిచినట్టు గుర్తు.

నాలుగు రోజులకు ఛైర్మన్ గారు, ఆయన భార్య మా ఇంటికొచ్చారు. పొద్దున వేదాద్రి వెళ్లి నరసింహస్వామి దర్శనం చేసుకుని అటు నుంచి అటే వచ్చారట. ఆవిడ స్వీట్ల డబ్బా నా చేతిలో పెడుతూ, "ఇది గుళ్లో పెట్టింది కాదండీ, షాపులోదే. మీకు ఇబ్బంది లేకుండా ముందే విడిగా కొన్నాం" అన్నారు. అంత ఆలోచించి తెచ్చినవాళ్లని ఏమనగలం? కూర్చోబెట్టాను. కాఫీ ఇచ్చాను. ఆయన గొట్టాల సంగతి విజయవాడ మెకానిక్కుతో మాట్లాడానన్నారు, సీజన్ అయిన మర్నాడే పని మొదలవుతుందన్నారు. బోర్డు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. స్వీట్లు మాత్రం తిన్నాను. ఆ తర్వాత నేను మీటింగులకి వెళ్లనూ లేదు, వెళ్లనని చెప్పనూ లేదు.

సీజన్ ముగియకముందే ఆ అతుకు ఊడిపోయింది.

దాని పక్కనే సంచులు పేరుస్తున్న హమాలీ ఒకతను ఉన్నాడు. ముక్కు మండితే మిర్చి ఘాటే అనుకుని, తువ్వాలు బిగించుకుని పని చేసుకుంటూ పోయాడట. మిగతావాళ్లు బయటికి పరుగెత్తుతూ చూస్తే అతను పడిపోయి ఉన్నాడు. ఛైర్మన్ గారు నాకు ఫోన్ చేసి, "అమ్మా, మీరన్నదే అయింది" అన్నారు.

అతన్ని తీసుకెళ్తున్న అంబులెన్సు వెనకే మేం ఆయన కారులో విజయవాడ వెళ్లాం. నందిగామలో ఆగి నన్ను ఎక్కించుకున్నారు. తిట్టాలని నోటిదాకా వచ్చిందిగానీ ఆయన మొహం చూసి ఊరుకున్నాను. పరిటాల దగ్గర ఆంజనేయస్వామి విగ్రహం కనపడగానే ఆయన చేతులు జోడించారు. వెనక సీట్లో నేను ప్రభువా, అతన్ని బతికించు అనుకుంటూనే ఉన్నాను. ఒక్క కారులో ఇద్దరం అడిగింది ఒకటే.

అతను బతికాడు. అందుకు దేవుడికి ఎన్ని స్తోత్రాలు చెల్లించినా తక్కువే. ఊపిరి కుదుటపడటానికి చాలాకాలం పట్టింది. కుడి కన్ను చూపు మాత్రం సగానికి సగం పోయింది. ఆస్పత్రి ఖర్చు, పరిహారం హమాలీల కోసం తీసుకున్న పాలసీలోంచి వచ్చాయి.

ఆ తర్వాత నాకు ప్రభుత్వం నుంచి నోటీసు వచ్చింది. కార్మికుడి భద్రత పట్టించుకోనందుకు డైరెక్టర్లైన మీ మీద కేసు ఎందుకు పెట్టకూడదో చెప్పండి అని దాని సారాంశం. తప్పు రుజువైతే జైలు శిక్ష కూడా ఉండొచ్చని రాసుంది.

"నేను రాజీనామా చేశాగా!" అన్నాను మా ఆయనతో.

"ఎవరికిచ్చావు?"

"ఇవ్వడమేంటండీ? అరిచాగా!"

ఆయన నా వైపు జాలిగా చూశారు. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసినా నన్ను అంత జాలిగా చూడటం అదే మొదలు.

నందిగామలో లాయరు గారి దగ్గర కూర్చున్నాం, నేనూ, మా ఆయనా, ఛైర్మన్ గారూ. మా తరఫున వాదించడానికి ఆ పాలసీ కింద కుదిరిన లాయరు ఆయన. నా రాజీనామా సంగతి విని, "అరిస్తే చెల్లదండీ. రాసి కంపెనీకి ఇవ్వాలి" అన్నారు. ఛైర్మన్ గారి వైపు తిరిగి, "ఆవిడ అంతమందిలో అంటే మీరన్నా మీటింగు మినిట్సు పుస్తకంలో రాయాలి కదా?" అని అడిగారు.

ఛైర్మన్ గారు తలొంచుకున్నారు. "మా ఇళ్లల్లో అలిగి వెళ్లిపోవడం మామూలేనండీ. మా బాబాయి ఏటా ఒకసారి కొట్లోంచి నాకొద్దీ వాటా అని లేచి వెళ్లిపోతాడు. వెళ్లి బతిమాలి తీసుకొస్తాం. అది రాసి పెట్టుకుంటామా? రాస్తే ఇంక మొహాలు చూసుకోవడం ఉండదు. టీచర్ గారూ అలిగారనే అనుకున్నా. స్వీట్లు పట్టుకెళ్లా."

"మీరు తిన్నారా?" అని నన్నడిగారు లాయరు గారు.

"తిన్నా" అన్నాను. ఆ మాట కోర్టులో చెప్పాల్సొస్తుందేమోనని సిగ్గేసింది.

లాయరు గారు అంతా విడమరిచి చెప్పారు. రికార్డు ప్రకారం ప్రమాదం రోజున నేను డైరెక్టర్నే. అయితే డైరెక్టరైనంత మాత్రాన శిక్ష పడదు. తెలిసి కూడా పట్టించుకోలేదని తేలితేనే ముప్పు. ఏటా చేయించే సర్వీసింగు చేయించాం, అతుకు హఠాత్తుగా ఊడింది, లీకు సంగతి ముందుగా ఎవరూ మా దృష్టికి తేలేదు, అని అందరూ ఒకే మాట మీద ఉంటే బయటపడే దారి ఉంది. పాలసీ కూడా ఖర్చులు పెట్టుకుంటూ పోతుంది. "కానీ ఎవరన్నా, అవును మాకు ముందే తెలుసు అని ఒప్పుకుంటే వాళ్లకి ఆ రక్షణ పోవచ్చు. తెలిసి చేసినదానికి ఇన్సూరెన్సు ఉండదు. జరిమానా అయితే ఎటూ ఎవరిది వాళ్లే కట్టుకోవాలి" అన్నారు.

అప్పుడు ఛైర్మన్ గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఒకరు ఒప్పుకుంటే మిగతావాళ్ల రక్షణ కూడా పోతుందా అండీ?"

"పోదు. పాలసీలో ఎవరిది వాళ్లకే. ఒకరి తప్పు ఇంకొకరికి అంటదు."

"సరేనండీ" అన్నారాయన. ఎందుకడిగారో నాకు ఆ రోజు తట్టలేదు. నన్ను చూసి భయపడుతున్నారనుకున్నాను. లీకు సంగతి ముందే చెప్పానని నేను నోరు విప్పితే నేను ఒడ్డున పడతాను, ఆయన మునుగుతారు. నాకూ అదే తిరుగుతోంది బుర్రలో. చెప్పకపోతే రికార్డులో ఉన్న డైరెక్టర్నే కాబట్టి నేనూ ముద్దాయిని కావచ్చు. చెబితే, మా ఆయన అడిగిన ఒక్క మాటకి జవాబు వెతికి పాలసీ తెచ్చిపెట్టిన మనిషిని నా చేత్తో నేను నెట్టినట్టు.

విచారణకి ముందు ఆ హమాలీని చూడటానికి పెనుగంచిప్రోలు వెళ్లాను. మునేరు ఏటి ఒడ్డుకి దగ్గర్లో వాళ్ల ఇల్లు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. వాళ్లావిడ మంచినీళ్లిచ్చింది. ఆరోగ్యం అడిగాను, మందులు అడిగాను, పిల్లల చదువు అడిగాను. అన్నిటికీ సరిగ్గానే చెప్పాడు. లేవబోతుంటే, "టీచరమ్మా, ఒక్కమాట అడగనా? ఆ గొట్టం సంగతి మీకందరికీ ముందే తెలుసంట గదా, నిజమేనా?" అన్నాడు.

"విచారణ జరుగుతోందిగా నాయనా" అన్నాను. అతను మరి రెట్టించలేదు. అదీ నా బాధ. నా మీద అరిచి ఉంటే నేనూ అరిచి, మనసు తేలిక చేసుకునేదాన్ని.

ఆ పూట మా ఆయనకి చెబితే, "ఏం చేస్తావు మరి?" అని అడిగారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఎప్పుడు ఎవరేమడిగినా జవాబు నాలుక మీద ఉండే నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

విచారణ కోల్డ్ స్టోరేజీలోనే జరిగింది. తూకం గదిలో బల్ల వేసి, నోటీసు పంపిన అధికారి కూర్చున్నారు. ఆయనకి మిర్చి అలవాటు లేదు, వచ్చిన దగ్గర్నుంచీ తుమ్ముతూనే ఉన్నారు. బెంచీ మీద మేం డైరెక్టర్లం వరసగా, పక్కన లాయరు గారు, గుమ్మం దగ్గర స్టూలు మీద ఆ హమాలీ. ముందుగా ఛైర్మన్ గారిని పిలిచారు. సర్వీసింగు ఎప్పుడు చేయించారు, మెకానిక్ ఎవరు, ఇలాంటివన్నీ అయ్యాక అసలు ప్రశ్న వచ్చింది.

"లీకవుతోందని ప్రమాదానికి ముందు ఎవరైనా మీకు చెప్పారా?"

నేను నా చీర కొంగు పట్టుకుని నేల వైపు చూస్తున్నాను. ఆయన లేదంటారు, తర్వాత నా వంతు వస్తుంది, నేనూ లేదనాలి. గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి వింటుండగా అనాలి.

"చెప్పారండీ" అన్నారు ఛైర్మన్ గారు.

లాయరు గారు కుర్చీలో కదిలారు.

"ఈ టీచర్ గారు చెప్పారు. పసుపు గుడ్డ పెట్టి రుజువు చేసి చూపించారు. మెషిన్లు ఆపమని గట్టిగా పట్టుబట్టారు. సీజన్ దాటనీయమని అడ్డుపడింది నేను. ఆమె ఒప్పుకోక అప్పుడే బోర్డు వదిలేసి వెళ్లిపోయారు. మేం దాన్ని రాయలేదు, ఇంటికెళ్లి బతిమాలుకోవచ్చులే అనుకున్నాం. ఆమెకి దీంట్లో ఏ పాపం లేదండీ. తప్పు నాది."

అధికారి రాసుకున్నారు. మిగతా డైరెక్టర్లను వరసగా అడిగితే వాళ్లు ఇంక కాదనలేక అవునన్నారు. నా వంతు వచ్చేసరికి నేను చెప్పాల్సినదంతా ఆయనే చెప్పేశారు. జరిగింది జరిగినట్టు అవునని చెప్పి బయటికొచ్చాను. రాగానే నా కోపం నాకు తిరిగొచ్చింది.

"మీకు మతి పోయిందా అన్నయ్యగారూ? లాయరు అంత విడమరిచి చెప్పారు కదా! మీ పిల్లల సంగతి ఆలోచించారా? ఇన్సూరెన్సు వాళ్లు చేతులు దులుపుకుంటే ఎలా?"

"మీది పోదన్నారుగా" అన్నారాయన నెమ్మదిగా. అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు ఆ ప్రశ్న ఎందుకడిగారో. నేను అక్కడే తూకం గది గోడకి ఆనుకుని నిలబడిపోయాను. హమాలీ మెల్లగా లేచి మా దగ్గరికొచ్చాడు. ఛైర్మన్ గారు అతని భుజం మీద చెయ్యేసి, "క్షమించరా అబ్బాయ్" అన్నారు. అతను ఆ చేతిని తోసెయ్యలేదు.

కేసులోంచి నా పేరు తీసేశారు. ఆ కాగితం వచ్చిన రోజు మా ఆయన పేపరు పక్కన పెట్టి, వంటింట్లోకొచ్చి నాకు కాఫీ కలిపిచ్చారు. నా తరఫు ఖర్చులన్నీ చివరిదాకా ఆ పాలసీయే పెట్టుకుంది. మెషిన్లు ఆపొద్దన్న నిర్ణయం ఛైర్మన్ గారిది, వాటిని చూసుకునే బాధ్యత మేనేజరుది కాబట్టి కేసు వాళ్లిద్దరి మీదే నడిచింది. ఛైర్మన్ గారు తప్పు ఒప్పుకున్నారు కాబట్టి ఆయన ఖర్చు ఆయనే భరించుకున్నారు. ఛైర్మన్ పదవి వదులుకున్నారు, ఈసారి రాతపూర్వకంగానే. గొట్టాలన్నీ మార్చేదాకా కోల్డ్ స్టోరేజీ తలుపులు తెరవలేదు.

తీర్పు రోజున నేను కోర్టుకి వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు. మా ఆయన కూడా వచ్చారు. హమాలీ తన కొడుకుని తోడు తీసుకుని వచ్చి మా బెంచీలోనే కూర్చున్నాడు. జైలేస్తారేమోనని ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. ముందే నిజం చెప్పారని, బాధితుడికి పరిహారం అందిందని చెప్పి జడ్జి గారు జరిమానాతో సరిపెట్టారు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. నేను లోపల్లోపల దేవుడికి వందనాలు చెప్పుకుంటూ బయట వరండాలోకొచ్చాను.

ఛైర్మన్ గారు జరిమానా కట్టి వచ్చి మా పక్కన నిలబడ్డారు. మనిషి బాగా చిక్కిపోయారు. ఎన్నాళ్లుగానో కడుపులో ఉన్న మాట నేను అడిగేశాను.

"లేదని ఒక్కమాట అనుంటే మనందరం అప్పుడే బయటపడేవాళ్లం కదా అన్నయ్యగారూ. నేను కూడా నోరు మూసుకునే ఉండేదాన్నేమో. ఎందుకు చెప్పారు?"

ఆయన నన్ను వింతగా చూశారు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"బయటపడేవాళ్లమేనమ్మా. కానీ నేను లేదంటే, ఆ రోజు మీరు అంత మొత్తుకుని చెప్పింది చెప్పనట్టే అయిపోయేదిగా."

కోర్టు వరండాలో, లాయర్లూ జనం చూస్తుండగా, రెండు చేతులూ ఎత్తి ఆయనకి దణ్ణం పెట్టాను. "అయ్యో, వద్దు వద్దమ్మా" అంటూ ఆయన కంగారుపడి వెనక్కి తగ్గారు. నేను చేతులు దించలేదు.